వచ్చిన పని

విశాఖ నుంచి జోసఫ్ పడాల్ ఫోన్ చేశాడు:
మేడం, గదుల్లో మనుషులు కనబడకూడదు,
దుప్పటి మీద మడత కనబడకూడదు,
కిటికీలోంచి కొండ కావాలి, చిమ్నీ వద్దు.

కొండా చిమ్నీ ఒకే కిటికీలో ఉంటాయి బాబూ.
రాయగడలో కొండ చూద్దామని ఎవరు దిగుతారు?
కాగితం మిల్లులో బెల్టు తెగిందని
అర్ధరాత్రి బండికి దిగుతారు.
గ్రీజు చేతుల్తో సంతకం పెట్టి
బిల్లులో జీఎస్టీ పడిందా అని అడుగుతారు.
పరదా ఎడమకి లాగితే చిమ్నీ పోతుంది,
కొండలో సగం కూడా పోతుంది.
సగం కొండ చాలన్నాడు.

మిల్లువాళ్లు నిరుడిచ్చిన డైరీలో
రేపటి జాబితా రాస్తున్నాను.

ఆరుంబావు, రిసెప్షన్.
ఎండ నేల మీద నిలిచేది ఇరవై నిమిషాలే.
షావుకారుగారి తండ్రి పటం దించాలి.
దించుతున్నామని షావుకారుగారికి చెప్పాలి.
ఎవరు చెప్పాలో రాయలేదు.

ఏడున్నర, టిఫిను.
తడి దూది వేడిచేసి ప్లేటు వెనక దాస్తే
ఇడ్లీ మీంచి పొగలు లేచినట్టుంటుందట.
"నా ఇడ్లీకి పొగలు రావా ఏటి?"
తవిటయ్య ఆ తర్వాత నాతో మాట్లాడలేదు.
పక్కన బరా ఘుగ్ని అని రాశాను, కొట్టేశాను,
మళ్లీ రాశాను.

తొమ్మిది, నూట ఏడు. గోడకి నెమ్ము.
నెమ్ముకి అడ్డంగా పూలకుండీ.

పదిన్నర, మెట్లు. రాయపూర్ బండి దాటాకే.
బండి పోతుంటే రెండో అంతస్తు వణుకుతుంది,
కెమెరా మూడుకాళ్ల మీదా నిలవదు.
టైంటేబుల్ పక్కన పెట్టుకునే రాశాను.
గూడ్సుకి టైంటేబుల్ లేదు.

అసలు ఫోటో సాయంత్రం.
ఎండ పోయి చీకటి ఇంకా అందుకోని
ఆ కాస్త నీలంలో, రోడ్డవతల నుంచి,
హోటలు మొత్తం, ఇరవై రెండు కిటికీల్లోనూ దీపాలతో.
ఐదింట్లో మనుషులున్నారు, వాళ్లే వేసుకుంటారు.
తక్కిన పదిహేడింటికీ ముందే వేసి ఉంచితే
మా జనరేటరు మొయ్యదు.
మిస్డ్ కాల్ ఇస్తాను, అందరూ ఒక్కసారే వెయ్యండి,
గాజు మీద నీడ పడకుండా
పది నిమిషాలు లోపలే ఉండండి అన్నాడు.

మేం పదకొండుగురం.
మందుల కొట్టు కుర్రాడు వస్తానన్నాడు.
ఆటోస్టాండు నుంచి ఐదుగురు,
ఏసీ కూడా వేస్తారా అని అడిగి మరీ ఒప్పుకున్నారు.

డైరీలో చోటు చాలక
అలవాటుగా చేతికొచ్చిన రిజిస్టరులోనే
గదికొక మనిషిని రాసుకుంటూ పోయాను.
రెండు వందల మూడు, తవిటయ్య.
రెండు వందల నాలుగు, గేటు దగ్గరి లోకనాథ్ బెహెరా.
నూట ఐదు, సుమని హికాకా.

నూట ఐదులో మంచం పన్నెండేళ్లుగా పరిచేది సుమనే.
ఎప్పుడైనా దాని మీద కూర్చున్నావా అంటే
పిచ్చా నీకు అన్నట్టు చూసి ఒడియాలో నవ్వింది.
తర్వాత, చీపురు గోడకి ఆనించి,
పది నిమిషాలూ నిలబడే ఉండాలా అంది.
కూర్చోవద్దని జోసఫ్ చెప్పలేదు.
మడత పడితే?
మళ్లీ పరిచేదాన్ని నేనే కదా, అని తనే అనుకుంది.

రిజిస్టరు గళ్లు ఊరుకోనివ్వవు.
ఎక్కణ్ణుంచి వచ్చారు?
కల్యాణసింగుపూర్ అవతల, కొండ మీద
ఏదో ఊరి పేరు చెప్పింది.
రెండుసార్లు చెప్పించుకుని రాశాను.
పన్నెండేళ్లలో అడగడం ఇదే మొదలు.
ఆ కొండ మా కిటికీలోంచి కనిపిస్తుందా అన్నాను.
చిమ్నీ వైపు చూపించింది.

వచ్చిన పని: దీపం వెయ్యడం.

వెళ్లే వేళ అన్న గడి దగ్గర కలం ఆగింది.
పదిహేడు వరసల్లోనూ దాన్ని ఖాళీగానే వదిలేశాను.
సరిగ్గా ఆ వేళకి గూడ్సు వచ్చిందంటే
ఫోటో చెదిరిపోతుంది,
ఇంకో పది నిమిషాలు ఉండాలంటాడు.

రానీ.